నీటిని చూడాలా, చేపను చూడాలా: అక్వేరియం చేపల వింత కదలికలపై సంవాదం

అక్వేరియంలో పెరిగే చేప ఉన్నట్టుండి తలకిందులుగా తేలినా, రెక్కలు ముడుచుకుని మూలన చేరినా, రాళ్లకు ఒళ్లు రుద్దుకున్నా పెంచేవారి ముందు రెండు దారులు ఉంటాయి. చేప ఒంటి తీరునే ఆధారంగా తీసుకుని దానికి ఏమి జరిగిందో ఆ కదలికలోనే వెతకడం మొదటిది. చేపను పక్కనపెట్టి, అది బతుకుతున్న నీటిని పరీక్షించి, కొలత చెప్పినదాన్ని మాత్రమే నమ్మడం రెండవది. ఈ రెండు పక్షాలనూ ఇక్కడ ఇద్దరు వాదిస్తారు. ఒకరు చాలాకాలంగా రంగుచేపలను పెంచి, వాటి చేత పిల్లలు పెట్టించిన పెంపకందారు; మరొకరు కళాశాలలో జంతుశాస్త్రం బోధించి విరమించిన మాస్టారు. ఆమెది మొదటి దారి, ఆయనది రెండవది. చేప కేక పెట్టదు, మన అక్వేరియం చేపలకు కనురెప్పలు ఉండవు, ముఖకవళికలు దాదాపు లేవు. అందువల్ల దాని ఒంటి కదలికను సరిగా పట్టుకోవడమా, తప్పుగా పట్టుకోవడమా అన్నది తొట్టెలోని ప్రాణానికి సంబంధించిన విషయమే అవుతుంది.

మాస్టారు: అమ్మా, పెంపకందారుల దగ్గర తిరిగే పట్టికలలో ప్రతి భంగిమకూ ఎదురుగా ఒక అర్థం రాసి ఉంటుంది. ఒరిగి పడుకుంటే జబ్బు అని, తలకిందులైతే వాయుకోశం, అంటే చేపను నీటిలో కోరిన లోతున నిలిపే గాలితిత్తి, చెడిందని, పైకి వచ్చి గాలి మింగితే ఊపిరి ఆడడం లేదని వాటిలో కనిపిస్తుంది. అయితే కాంగో నదీ పరీవాహకంలో పుట్టే సైనోడాంటిస్ నైగ్రివెంట్రిస్ అనే జెల్ల ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెల్లకిలా ఈదుతుంది. ఎక్కువ సమయం ఆ తీరున గడపడం వల్ల, మిగతా చేపలకు విరుద్ధంగా, దాని పొట్ట వీపుకన్నా ముదురు రంగులో ఉంటుంది. సుమత్రా, బోర్నియో నదులకు చెందిన క్లౌన్ లోచ్ విశ్రాంతి కోసం పక్కకు ఒరిగి, చచ్చిన చేపలాగే పడి ఉంటుంది. కోరిడోరస్ అనే చిన్న జెల్లలు నేల నుంచి బాణంలా పైకి దూసుకువచ్చి, ఒక గుక్క గాలి మింగి, దాన్ని రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న పేగు గోడల ద్వారా వాడుకుని, మళ్లీ నేలకు దిగిపోతాయి. ఆ పట్టికను నమ్మితే ఈ మూడూ రోగులే. నిజానికి మూడింటికీ ఏ లోపమూ లేదు.

పెంపకందారు: మాస్టారూ, పట్టిక తప్పిందంటే భంగిమకు అర్థం లేదని తేలినట్టు కాదు, ఆ పట్టిక రాసినవారు ఏ చేప అన్నది అడగకుండా రాశారని మాత్రమే తేలుతుంది. పెంచే మనిషి చూడవలసింది భంగిమను కాదు, భంగిమలో వచ్చిన మార్పును. వెల్లకిలా ఈదే ఆ జెల్ల ఒకనాడు బోర్లా తిరిగి నేలకు అంటుకుపోతే కంగారు పడాలి. అదే గోల్డ్‌ఫిష్ వెల్లకిలా తేలితే కంగారు పడాలి. సమయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. నియాన్ టెట్రా చీకటిలో రంగు తగ్గించుకుంటుంది గనుక తెల్లవారుజామున దీపం వెలిగించగానే పాలిపోయి కనిపించడం దానికి సహజం. మధ్యాహ్నం మందలో ఒక్కటే పాలిపోయి, గుంపుకు దూరంగా నిలబడితే సహజం కాదు. జాతి అలవాటు, గడియ, ఆ ఒక్క చేప స్వభావం అన్న మూడూ తెలిసిన కంటికి ఏ పరీక్షసీసా కన్నా ముందే సంగతి తెలుస్తుంది.

మాస్టారు: ముందుగా తెలిసేది ఏదో తేడా ఉందన్న సంగతి ఒక్కటే, ఆ తేడా ఏమిటో కాదు. పెంపకందారులు అందరూ ఎరిగిన లక్షణాన్నే తీసుకుందాం: చేపలన్నీ నీటి పైపొరకు చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. దీనికి కారణం నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గడం కావచ్చు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది, పైగా వేడి పెరిగిన కొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువే కావాలి. లేదా అమ్మోనియా పెరిగి మొప్పలను కాల్చి ఉండవచ్చు. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే ఈ అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో ఎక్కువ విషమైన రూపం పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార స్థాయి, 7 దగ్గర ఒక శాతం కన్నా తక్కువగా, 8 దగ్గర దాదాపు 5 శాతంగా ఉంటుంది గనుక ఒకే మొత్తం అమ్మోనియా ఒక ఇంట్లో చేపను ఇబ్బంది పెట్టకపోవచ్చు, పక్కింట్లో చంపవచ్చు. అదీ కాకపోతే నైట్రైట్ కావచ్చు. కొత్తగా పెట్టిన తొట్టెలో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంతగా హాని లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఇంకా స్థిరపడక మొదటి కొన్ని వారాల్లో అది పేరుకుంటుంది, చేప రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చి, మొప్పలను గోధుమరంగుకు తిప్పుతుంది. మూడు కారణాలకు మూడు వేర్వేరు చికిత్సలు, చేప చూపేది మాత్రం ఒకే కదలిక. కొలవకుండా వాటిని వేరుచేయడం ఏ కంటికి సాధ్యం?

పెంపకందారు: కొలవవద్దని ఈ పక్షం ఎన్నడూ అనదు, కొలిచేలోపు చేపకు మిగిలే గంటల గురించే అంటుంది. భీమవరం, కొల్లేరు ప్రాంతాల చెరువుల రైతులు తెల్లవారుజామున గట్టు మీద నిలబడి నీటి వైపు చూడడం అలవాటుగా చేసుకున్నది ఎందుకంటే, రాత్రంతా నాచూ, నీటిలోని సూక్ష్మజీవులూ, చేపలూ కలిసి ఆక్సిజన్‌ను వాడుకోవడమే తప్ప వెలుగు లేనందున తయారు చేసేది ఏమీ ఉండదు, అందుకే తెల్లవారే వేళకు అది అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది, రోహు, కట్ల చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఎండెక్కితే మళ్లీ కిందికి దిగుతాయి. మొక్కలు దట్టంగా నాటిన గాజుతొట్టెలోనూ జరిగేది ఇదే. కాబట్టి తెల్లవారుజామున తేలి, పగలు కుదుటపడే చేపలు ఆక్సిజన్ కొరతను చెబుతున్నాయి. రోజంతా, ఎయిర్ పంపు బుడగలు పొంగుతున్నా తేలే ఉన్న చేపలు మొప్పలు గాని, రక్తం గాని చెడిందని చెబుతున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగిన అరగంటకే తేలితే కారణం వెతుక్కోనక్కరలేదు. ఇక కదలిక ఒక్కటే అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఆక్సిజన్ చాలని చేప నీటి పైపొరలోని నీటినే నోటితో పీల్చుకుంటుంది, ఎందుకంటే గాలికి తగిలే ఆ పలుచని పొరలో ఆక్సిజన్ కాస్త ఎక్కువ. ఫైటర్ చేప అలా కాదు, పైకి వచ్చి గాలినే మింగి తిరిగి పోతుంది. మొప్పల పైన లాబిరింత్ అనే మడతల అవయవం ఉన్నందువల్ల ఫైటరూ గౌరామీలూ నేరుగా గాలి పీల్చుకోగలవు. మన కొర్రమీను కూడా మొప్పల పైని గదులతో గాలి పీల్చి బతికే చేపే. ఈ తేడాను కంటితోనే పట్టవచ్చు, పట్టాలి కూడా.

ఈ ఘట్టంలో పెంపకందారు వాదమే గట్టిదని చెప్పక తప్పదు. పరీక్షసీసా ఒక్క క్షణంలోని నీటిని మాత్రమే కొలుస్తుంది. సాయంత్రం నాలుగు గంటలకు ఆక్సిజన్ సరిపోయేంత ఉందని కొలత చూపిన తొట్టెలోనే తెల్లవారుజామున చేపలు చచ్చిపోయే వీలు ఉంది. రోజంతటి నీటిని తన ఒంటి మీద అనుభవించేది చేప ఒక్కటే. అయితే నైట్రైట్ విషయంలో మాస్టారి మాటే నిలుస్తుంది; అక్కడ పంపును ఎంత పెంచినా ప్రయోజనం తక్కువ, నీరు మార్చి, ఉప్పు కొద్దిగా వేయాలి, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల ద్వారా లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. ఆ నిర్ణయం కొలత లేకుండా తీసుకోవడం కష్టం.

మాస్టారు: మరి రుద్దుకోవడం సంగతి? చేప ఉన్నట్టుండి వంకరగా దూసుకుపోయి రాయికో, పైపుకో పక్కభాగాన్ని రాసుకుంటుంది. చూసినవారు వెంటనే తెల్లమచ్చల రోగం అని మందు పోస్తారు. ఆ రోగాన్ని కలిగించే ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి చర్మం కింద, మొప్పల్లో దాగి పెరిగి, తెల్లని రవ్వలా కనిపించి, పండిన తరువాత రాలిపోయి, తొట్టె అడుగున వందల పిల్లజీవులుగా విడిపోయి, మరో చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. చర్మం కింద ఉన్నప్పుడు మందు దాన్ని తాకలేదు, ఈదే దశలోనే చంపగలదు. నీరు వెచ్చగా ఉంటే ఈ చక్రం వారంలోపే ముగుస్తుంది, చల్లగా ఉంటే వారాలు సాగుతుంది. అందుచేత ఒక్కసారి మందు పోసి ఊరుకున్నవారికి ఫలితం దక్కదు, అసలు ఆ రోగమే లేని తొట్టెలో పోసినవారికి నష్టమే దక్కుతుంది, ఎందుకంటే మిథిలీన్ బ్లూ వంటివి నీటిని శుద్ధిచేసే బాక్టీరియానే దెబ్బతీసి, రెండు రోజుల్లో అమ్మోనియాను పెంచుతాయి. కదలికను చదివామన్న నమ్మకమే చేపను చంపిన సందర్భం ఇది.

పెంపకందారు: నిజమే మాస్టారూ, ఆ నష్టం చాలా ఇళ్లలో జరుగుతున్నది, అయితే అది చదవడం వల్ల కాదు, సగంలోనే చదవడం ఆపడం వల్ల. మేత తిన్న తరువాత ఒకటి రెండుసార్లు ఒళ్లు రాసుకునే చేపకు రోగం అంటగట్టనక్కరలేదు. నీరు మార్చిన గంటలోనే చేపలన్నీ రాసుకుంటే, కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తీసేసే మందు, దుకాణాలలో యాంటీ క్లోరిన్ అనేది, వేయడం మరిచారేమో చూడాలి. ఒకటితో మొదలై, రోజురోజుకూ మరికొన్నింటికి పాకుతూ, రెక్కలను ఒంటికి అతికించినట్టు ముడుచుకుని, మొప్పలు మామూలుకన్నా వేగంగా ఆడుతుంటే, తెల్లని చుక్క ఇంకా కనిపించకపోయినా పరాన్నజీవి ఉన్నదనుకోవాలి, ఎందుకంటే అది ముందు మొప్పల్లోనే కూర్చుని ఉండవచ్చు. చేపకు అలా రాసుకోవలసిన అవసరం నిజంగా ఉన్నదని శాస్త్రమే చూపింది కదా. స్కాట్లండ్‌లో లిన్ స్నెడన్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, పెదవుల్లోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన రెయిన్‌బో ట్రౌట్ చేపలు తొట్టె అడుగున గులకరాళ్లకు పెదవులు రుద్దుకున్నాయి, ఒంటిని అటూ ఇటూ ఊపాయి, ఉప్పునీరు మాత్రమే ఎక్కించిన చేపలకన్నా చాలా ఆలస్యంగా మేతకు వచ్చాయి. మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఆ కదలికలు తగ్గాయి. హానిని గ్రహించే నాడీతంతువుల చివళ్లు వాటి ముఖం మీద ఉన్నాయని కూడా ఆ బృందమే తేల్చింది.

మాస్టారు: ఆ పరిశోధన విలువను తగ్గించడం లేదు. అయితే అంతకు ముందు సంవత్సరమే, 2002లో, అమెరికాకు చెందిన జేమ్స్ రోజ్ మరో వాదం ముందుంచారు: నొప్పిని నొప్పిగా అనుభవించడానికి మనుషుల్లో పనిచేసే మెదడు పైపొర చేపకు లేదు, కాబట్టి హానికి స్పందించడం వేరు, బాధపడడం వేరు. ఆ వాదాన్ని ఖండించినవారు, మెదడులోని వేరే భాగాలు అదే పని చేయవచ్చునన్నారు. పక్షులకు కూడా ఆ పొర మనలా లేదని గుర్తు చేశారు. ఇది ఇంకా ముగియని చర్చ. ఇంత ముగియని చోట, రాయికి ఒళ్లు రాసుకున్న ప్రతి గప్పీలోనూ ఒక వేదనను చూసి, ఆ వేదనకు ఒక పేరు పెట్టడం తొందరపాటు. జంతువు చేసిన పనిని తక్కువ స్థాయి ప్రక్రియతో వివరించగలిగినప్పుడు పైస్థాయి మానసిక ప్రక్రియను ఊహించవద్దని మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ మోర్గన్ 1894లోనే చెప్పారు.

పెంపకందారు: తొట్టె ముందు కూర్చున్న మనిషికి ఆ చర్చ తేలేదాకా ఆగే వీలు లేదు. బాధ ఉన్నదని తలచి నీటిని సరిచేస్తే, ఒకవేళ బాధ లేకపోయినా చేపకు పోయేది ఏమీ లేదు. లేదని తలచి ఊరుకుంటే, ఉన్నపక్షంలో అన్నీ పోతాయి.

మాస్టారు: పోయేది ఏమీ లేదన్న ఆ మాట దగ్గరే అసలు భేదం. మనిషి దయ చేపకు హాని చేసిన ఉదాహరణలు ఎన్నైనా ఉన్నాయి. ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ జాతుల్లో తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని మూడు వారాల దాకా మోస్తుంది. ఆ రోజులన్నీ దాదాపు ఏమీ తినదు, గొంతు కింది భాగం ఉబ్బి ఉంటుంది, మూలన దాగి ఉంటుంది. తిండి మానేసింది, వాపు వచ్చింది అని మందు పోసి, వల వేసి పట్టి, దాని చేత గుడ్లు ఉమ్మించినవారు కొత్త పెంపకందారుల్లో ఎందరో. అమెజాన్ ప్రాంతపు డిస్కస్ చేప పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీద జిగురును తిని పెరుగుతాయి. పెద్ద చేప పక్కలను పిల్లలు కొరుకుతున్నాయని భ్రమపడి వాటిని విడదీస్తే పిల్లలు ఆకలితో చస్తాయి. కిస్సింగ్ గౌరామీ చేపలు మూతికి మూతి ఆనించి నిలబడడాన్ని ప్రేమ అనుకుని ముచ్చటపడతారు. అది బలాబలాలు తేల్చుకునే పోటీ, బలహీనమైనదాన్ని వేరుచేయాలి. ఇటువంటి పొరపాట్లకు మూలం ఏమిటో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త టింబర్గన్ పరిశోధన చూపుతుంది. లైడెన్‌లో ఆయన స్టికిల్‌బ్యాక్ చేపల ముందు నమూనాలు పెట్టి చూశారు. అచ్చం చేపలాగే చేసిన నమూనాకు పొట్ట ఎరుపు లేకపోతే మగచేప పెద్దగా పట్టించుకోలేదు, చేప పోలికే లేని మొరటు ముద్దకు కింది భాగం ఎర్రగా ఉంటే మీదికి దూకింది. చేప స్పందించేది ఒక గుర్తుకు, ఒక సన్నివేశానికి కాదు. ఫైటర్ చేప మొప్పల కప్పులను గొడుగులా విప్పి గాజు మీదికి వచ్చినప్పుడు, అది యజమానిని గుర్తుపట్టి కోపగించడం కాదు, గాజులో కనిపించిన తన నీడను మరో మగచేప అనుకోవడం.

పెంపకందారు: అయినా ఆ నీడను తొలగించకుండా రోజంతా విప్పించి అలసట తెప్పిస్తే చేప చిక్కిపోతుందన్నది కూడా అదే కదలిక చెప్పే విషయం, కోపం అనండి, అనకపోండి, గాజులో ఆ నీడ కనిపించకుండా చేయాలి. మరొకటి కూడా చెప్పాలి మాస్టారూ. 1973లో టింబర్గన్, లోరెంజ్‌లతో పాటు నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వాన్ ఫ్రిష్, చర్మం గాయపడిన మిన్నో చేపను తిరిగి గుంపులోకి వదిలితే మిగతావన్నీ బెదిరి దూరమవుతాయని 1938లో చూపారు. చర్మంలోని ప్రత్యేక కణాలు చిట్లి ఒక పదార్థాన్ని నీటిలోకి వదలడమే దానికి కారణం. గోల్డ్‌ఫిష్, టెట్రా, డానియో, జెల్ల, మన రోహు అన్నీ ఆ లక్షణం ఉన్న పెద్ద కుటుంబంలోవే. వల మొరటుగా తగిలి ఒక టెట్రాకు పొలుసులు లేస్తే మందంతా మూలకు ముద్దగా చేరి, కదలకుండా నిలబడిపోయేది అందుకే. ఆ భంగిమను చేపలు ఒకదాని నుంచి మరొకటి అందుకుంటున్నాయి గనుక, దాన్ని మనిషి కూడా అందుకోగలిగితే వల పక్కన పెట్టి, దీపం ఆర్పి, కాసేపు దూరంగా ఉండాలని తెలుస్తుంది.

మాస్టారు: ఆ ఉదాహరణ సరైనది, అయితే అది లెక్కించి నిరూపించినది కావడం వల్లనే సరైనది. జీబ్రా డానియోల మీద ప్రయోగశాలల్లో చేసే మరో పరీక్షను చూడండి: కొత్త తొట్టెలోకి వదిలిన చేప మొదట అడుగుభాగంలోనే ఉంటుంది, నిమిషాలు గడిచిన కొద్దీ పైభాగాన్ని కూడా తిరిగి చూస్తుంది, ఆందోళన తగ్గించే మందులు ఇచ్చిన చేప ముందుగానే పైకి వస్తుంది. ఇక్కడ భయం అన్నది ఊహ కాదు, పైభాగంలో గడిపిన సెకన్ల సంఖ్య. దుకాణం నుంచి తెచ్చిన చేప తొలిరోజు అడుగున నక్కి ఉంటే అది రోగం కాదని ఆ లెక్కే చెబుతుంది. తొట్టె గాజు వెంట పైకీ కిందికీ ఆగకుండా ఈదే చేప గురించి కొందరు విసుగు అంటారు, కొందరు కొత్త చోటు నచ్చలేదంటారు. ఎన్ని నిమిషాలు, ఏ గాజు వైపు, ఎప్పుడు మొదలైందో రాసుకున్నవారు దాదాపు లేరు.

పెంపకందారు: రాసుకోవడంలో ఈ పక్షానికి అభ్యంతరమే లేదు. మేత వేసే వేళ ఎవరు ముందు వచ్చారో, ఎవరు రాలేదో చూసి ఒక పుస్తకంలో గుర్తు పెట్టుకోవడం మంచి పెంపకందారులు చేసే పనే. దానిలో మొదట చూడవలసింది ఒకటుంది: తేడా చేపలన్నింటిలో ఒకేసారి వచ్చిందా, ఒక్కదానిలోనేనా? అన్నీ ఒక్కసారిగా మారితే తప్పు నీటిదే, అక్కడ మాస్టారి సీసాలకే అగ్రస్థానం. ఒక్కటే మారి, కొలతలన్నీ శుభ్రంగా వచ్చినప్పుడు సీసా చెప్పగలిగింది అయిపోయింది, అక్కడి నుంచి చేపనే చూడాలి.

మాస్టారు: ఒక్కటే మారినప్పుడు కూడా నీటిని వదిలేయకూడదు, ఎందుకంటే అన్ని జాతులూ ఒకేలా తట్టుకోవు, గాలి పీల్చే గౌరామీ నిమ్మళంగా ఉన్న నీటిలోనే టెట్రాకు ఊపిరి ఆడకపోవచ్చు. అది కాదని తేలితే, ఒకే జాతిలోని చేపల మధ్య తేడా వస్తే, మాత్రం ఈ పక్షానికీ వేరే వాదం లేదు. అప్పుడు ఎక్కువసార్లు కనిపించే కారణం రోగం కాదు, పెత్తనం. పెద్దచేప తరుముతూ ఉంటే కిందిస్థాయి చేప ఫిల్టరు వెనక నిలువుగా నిలబడి, రెక్కలు ముడిచి, రంగు తగ్గి, మేత మానేస్తుంది, చూసేవారికి అచ్చం రోగిలాగే ఉంటుంది.

పెంపకందారు: అప్పుడు మందు వద్దు, బలహీనమైనదాన్ని తీయడమూ వద్దు. పెత్తనం చేసేదాన్నే కొన్నాళ్లు వేరే తొట్టెలోకి మార్చి, రాళ్ల అమరిక మార్చి, మూలన ఉన్నది రెక్కలు విప్పుతుందో లేదో చూడాలి. విప్పి, మేతకు వస్తే కారణం తేలినట్టే.

మాస్టారు: విప్పకపోతే అది అబద్ధమని కూడా అదే తేల్చుతుంది, ఇది కొలతే, అభ్యంతరం లేదు. అయితే తీసిన చేపను తిరిగి వదిలిన రోజున మూలకు మళ్లీ పోయినదీ లేనిదీ కూడా ఆ పుస్తకంలో రాయాలి, లేకపోతే సగం ప్రయోగమే అవుతుంది.